డార్కింగ్ నుంచి లిన్మత్ దాకా

2011 జూన్‌లో ఆఫీసుకి సెలవు పెట్టి, ఒక్కణ్ణే మోటార్‌సైకిల్ మీద దక్షిణ ఇంగ్లండు తిరిగొచ్చాను. అప్పటికి లండన్ దక్షిణాన క్రాయిడన్‌లో ఉద్యోగంలో చేరి కొన్నేళ్ళయింది. అయినా నాకు తెలిసిన ఇంగ్లండు చాలా చిన్నది. పొద్దున్నే కిక్కిరిసిన రైలు, ఆఫీసు, శనివారం ఎవరో ఒక స్నేహితుడింట్లో బిర్యానీ, అప్పుడప్పుడూ మోటార్‌వే మీద బర్మింగ్‌హామ్ గుడికి ప్రయాణం. మోటార్‌వే మీద వెళ్తే ఏ దేశమైనా ఒకేలా ఉంటుంది. ఈ దేశంలో పల్లెలెలా ఉంటాయో, పొలాలెలా ఉంటాయో చూడకుండానే తిరిగి వెళ్ళిపోతానేమోనని మనసులో ఒక దిగులుండేది.

లైసెన్సు తెచ్చుకోవడానికే ఏడాది పట్టింది. ముందు సీబీటీ అని ఒక రోజు శిక్షణ, తర్వాత థియరీ పరీక్ష, ఆ తర్వాత మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అని రెండు ప్రాక్టికల్ పరీక్షలు. మా కోనసీమలో మీసాలు రాకముందే కాలవ గట్ల మీద బండి నడిపినవాణ్ణి నేను. ఇక్కడ పక్కకి తిరిగే ముందు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడాలని, దాన్ని 'లైఫ్ సేవర్' అంటారని కొత్తగా నేర్చుకున్నాను. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. హైదరాబాదులో కూడా చూస్తాను. లైసెన్సు చేతికొచ్చాక సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రయంఫ్ బానవిల్ కొన్నాను. నల్ల ట్యాంకు, గుండ్రటి హెడ్‌లైటు, రెండు సిలిండర్లు. వెనక సీటు మీద వాటర్‌ప్రూఫ్ బ్యాగు ఒకటి కట్టుకుని బయల్దేరాను.

మొదట ఆగిన చోటు డార్కింగ్. క్రాయిడన్ నుంచి ఎంతో దూరం లేదు. రైగేట్ రోడ్డులో ఉన్న శ్మశానంలో కాటన్ దొర సమాధి ఉంది. గోదావరి జిల్లావాళ్ళకి ఆ పేరు గురించి వేరే చెప్పక్కర్లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. అంతకుముందు కరువుతో ఒకసారి, వరదతో ఒకసారి మాడి మునిగిన డెల్టా ఆ తర్వాత ధాన్యాగారం అయింది. 1899 జులైలో, 96 ఏళ్ళ వయసులో, ఈ డార్కింగ్‌లోనే కన్ను మూశాడు. మా వైపు గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం ఉంది.

మా నాన్నగారు ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. ఆయన జీతం, మా చదువులు, మా ఇంట్లో అన్నం అన్నీ ఆ కాలవల మీద నుంచే వచ్చాయి. అందుకే తిరగడానికి వెళ్ళేముందు అక్కడ ఒక దణ్ణం పెట్టుకోవాలనిపించింది. చెట్ల నీడ, ఏటవాలు నేల, పచ్చగడ్డి. ఎవరూ లేరు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. కళ్ళు చెమర్చాయి. దాచుకోవాల్సిన సంగతేమీ కాదది.

డార్కింగ్ పక్కనే బాక్స్ హిల్. ఆ కొండ కింద బైకుల వాళ్ళంతా చేరే టీ కొట్టు ఒకటుంది. ఆదివారమైతే బళ్ళు వరసగా నిలబెట్టి ఉంటాయి. అక్కడి నుంచి దక్షిణానికి తిరిగితే ఎదురొచ్చే ప్రతి బైకువాడూ తల ఊపుతాడు. మొదట నన్నెవరో పోల్చుకున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది, అది అక్కడి ఆచారం. యూరప్‌లో అయితే చెయ్యి ఎత్తుతారు. ఇంగ్లండులో మనలాగే ఎడమ పక్క నడుస్తారు కాబట్టి ఎదుటివాడి వైపు ఉండేది కుడిచెయ్యి. అది యాక్సిలరేటర్ మీద ఉంటుంది, వదలడానికి లేదు. అందుకని తల ఊపుతారు. కొన్నేళ్ళుగా రోజూ అదే రైల్లో వెళ్తున్నా పక్క సీటువాడు పలకరించని ఊళ్ళో ఉన్నవాణ్ణి. ఒక్క పూటలో అంతమంది నాకు తల ఊపారు. నా రంగు, నా ఊరు హెల్మెట్‌లో నుంచి వాళ్ళకి కనబడవు. బండి మీద మనిషిని చూసి పలకరించారు, అంతే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

బ్రైటన్‌కి ఉత్తరాన, పాచమ్ అనే ఊరి పైన కొండ మీద ఛత్రీ అనే స్మారక మండపం ఉంది. దాని గురించి చాలామంది మనవాళ్ళకే తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడిన భారతీయ సిపాయిల్ని తెచ్చి, బ్రైటన్‌లో రాజులు కట్టించుకున్న రాయల్ పెవిలియన్‌నే ఆస్పత్రిగా మార్చి అందులో పెట్టారు. చనిపోయిన హిందువుల్ని, సిక్కుల్ని ఈ కొండ మీద దహనం చేశారు. బూడిద సముద్రంలో కలిపారు. తర్వాత అదే చోట తెల్ల పాలరాతి మండపం కట్టి 1921లో ప్రారంభించారు. బండి అక్కడిదాకా పోదు. దిగి గొర్రెల మేతభూముల మధ్య నడిచి వెళ్ళాలి. నేను బరువైన జాకెట్‌తో, బూట్లతో ఆ కొండెక్కేసరికి చెమట్లు పట్టేశాయి. మండపం ముందు మూడు పెద్ద రాతి పలకలు ఉన్నాయి. చితులు పేర్చిన దిమ్మల మీదే వాటిని వేశారట. అంతకు ముందు ఏడాదే పక్కన ఇంకో గోడ కట్టి, అక్కడ దహనమైన 53 మంది పేర్లు చెక్కారు. ఒక్కొక్క పేరూ గట్టిగా చదివాను. చుట్టూ వినేవాళ్ళు గొర్రెలే. ఏ పంజాబు పల్లెలోనో పుట్టి ఇంత చలిదేశంలో ప్రాణం వదిలినవాళ్ళు. పైకి వినబడేలా ఒకసారైనా ఎవరో ఒకరు వాళ్ళ పేర్లు పలకాలి కదా అనిపించింది.

తర్వాత పడమరకి తిరిగాను. ఆ మధ్య ఊళ్ళ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ట్రాఫిక్కే. న్యూ ఫారెస్ట్‌లోకి వచ్చాక మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. అక్కడ పొట్టి గుర్రాలు, గాడిదలు రోడ్డు మీద వాటి ఇష్టం. వాటికి యజమానులున్నారు, కంచెలు మాత్రం లేవు. అడవి సరిహద్దులో రోడ్డుకి అడ్డంగా ఇనప కడ్డీల గుంట ఉంటుంది, పశువులు దాటకుండా. కారులో వెళ్తే దడదడమని శబ్దం వస్తుంది, అంతే. తడిసిన కడ్డీల మీద బైకు వెళ్తే మాత్రం వెనక చక్రం పక్కకి జారినట్టై గుండె గతుక్కుమంటుంది. బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా, నిటారుగా దాటిపోవాలి. ఆ ఒక్క కిటుకు ఆ ప్రయాణమంతా అక్కరకొచ్చింది.

డోర్సెట్ తీరంలో వేమత్ నుంచి బ్రిడ్‌పోర్ట్ వెళ్ళే రోడ్డుంది. నా జీవితంలో అంత అందమైన రోడ్డు మీద మళ్ళీ బండి నడపలేదు. ఆబట్స్‌బరీ అనే ఊరు దాటాక రోడ్డు కొండెక్కుతుంది. పైకి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే చెసిల్ బీచ్ మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది. 29 కిలోమీటర్ల పొడవున గులకరాళ్ళ గట్టు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పునీటి మడుగు, మధ్యలో ఆ గట్టు. నాకు మా కాలవ గట్టే గుర్తొచ్చింది. దాని విచిత్రం దగ్గరికి వెళ్తేగానీ తెలియదు. పడమటి చివర రాళ్ళు బఠాణీ గింజలంత ఉంటాయి. తూర్పుకి వచ్చేకొద్దీ పెరుగుతూ పోర్ట్‌లాండ్ దగ్గర బంగాళాదుంపలంత అవుతాయి. వెనకటి రోజుల్లో చీకట్లో ఒడ్డుకి చేరిన జాలర్లు చేతికి తగిలిన రాయిని బట్టి ఏ ఊరి దగ్గర దిగారో చెప్పేవారంటారు. నేను తూర్పు చివర ఒకసారి, పడమటి చివర ఒకసారి దిగి పిడికిట్లోకి తీసుకుని చూశాను. నిజమే. తూర్పున ఒక్క రాయికే గుప్పెడు నిండిపోయింది. పడమట వేళ్ళ సందుల్లోంచి జారిపోయాయి. రాత్రి తొమ్మిది దాటినా ఇంకా వెలుతురుంది. ఆ గట్టు మీదే కూర్చుని, పొద్దున బీ అండ్ బీ (రాత్రి బస, పొద్దున టిఫిను ఇచ్చే ఇల్లు) వాళ్ళు కట్టిచ్చిన చీజ్ శాండ్‌విచ్ తిన్నాను.

లైమ్ రీజిస్‌లో మేరీ ఆనింగ్ గురించి తెలుసుకున్నాను. వడ్రంగి కూతురు. చదువు పెద్దగా లేదు. సముద్రం కొండల్ని కోసేసినప్పుడల్లా బయటపడే శిలాజాల్ని ఏరి అమ్ముకునే కుటుంబం. 1812లో, పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, ఇక్థియోసార్ అనే, ఎప్పుడో అంతరించిన సముద్రపు సరీసృపం అస్థిపంజరాన్ని వెలికి తీయించింది. 1823లో అలాంటిదే ఇంకోటి, ప్లీసియోసార్. ఆమె తవ్వి తీసిన ఎముకల మీద పెద్ద పెద్దవాళ్ళు వ్యాసాలు రాసుకున్నారు. ఆమె పేరు మాత్రం చాలాసార్లు రాయలేదు. అప్పట్లో లండన్ జియొలాజికల్ సొసైటీ ఆడవాళ్ళని చేర్చుకునేది కాదు. ఇది చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఒడ్డున బండల మీద ఆమ్మనైట్ అనే, అంతరించిపోయిన గుల్లప్రాణి అచ్చులు చక్రాల్లాగా ఎక్కడ చూసినా కనిపిస్తాయి. మన ఇళ్ళల్లో పూజలో పెట్టుకునే గండకీ శాలిగ్రామాల్లో ఉండే చక్రం కూడా ఇలాంటి ఆమ్మనైటే. మా నాయనమ్మ రోజూ పాలతో అభిషేకం చేసిన రాయి నాకు ఇంత దూరంలో బండల మీద కనబడితే, పక్కకి తప్పుకుని అడుగు వేశాను. తొక్కడానికి కాళ్ళు రాలేదు.

డెవన్‌లోకి వచ్చాక రోడ్లు సన్నబడ్డాయి. రెండు వైపులా మనిషెత్తు మట్టి గట్లు, వాటి మీద గుబురు పొదలు. రోడ్డు నడుమ గడ్డి మొలిచి ఉంటుంది. ఎదురుగా ట్రాక్టర్ వస్తే, ఎవరికి దగ్గరైతే వాళ్ళు వెనక్కి వెళ్ళి కాస్త వెడల్పున్న చోట ఒదిగి దారివ్వాలి. దారిచ్చినవాడికి రెండోవాడు చెయ్యెత్తకుండా పోడు. గుర్రం మీద ఎవరైనా వస్తుంటే బైకు వేగం బాగా తగ్గించి, రేజ్ చేయకుండా పోవాలి. గుర్రం బెదురుతుంది మరి. ఒకచోట గుర్రం మీద చిన్నపిల్ల కనబడితే నేను పక్కకి ఆపి ఇంజిన్ కట్టేశాను. ఆ పిల్ల థాంక్యూ చెప్పి, నెమ్మదిగా నన్ను దాటాక, మళ్ళీ వెనక్కి తిరిగి ఇంకోసారి థాంక్యూ చెప్పింది.

డార్ట్‌మూర్ అనే బీడు కొండల మీద మాత్రం వాన చితక్కొట్టేసింది. మంచు పొగ కమ్మేసి పది గజాల దూరం కనబడలేదు. గొర్రెలేమో రోడ్డు మీదే పడుకుని ఉన్నాయి. గ్లౌజుల్లోకి నీళ్ళు దిగి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ రాత్రి దిగిన ఇంటి పెద్దావిడ నన్ను చూడగానే ఇంకేం అడగలేదు. బూట్లు విప్పించి, వాటిలో పాత న్యూస్ పేపర్లు ఉండచుట్టి కుక్కింది. గంట తర్వాత వచ్చి తడిసిన కాగితాలు తీసేసి పొడివి పెట్టింది. పడుకునే ముందు మళ్ళీ మార్చింది. పొద్దున్నకి బూట్లు ఆరిపోయాయి. గుడ్లు, బీన్స్, టోస్టు పెట్టి, పుట్టగొడుగులు ఇంకొంచెం వేసుకోమని మా అమ్మలా వెంటపడింది. ఆవిడ పేరు రాసుకున్నాను. తర్వాత క్రిస్మస్‌కి కార్డు పంపితే జవాబు రాసింది.

ఇక లిన్మత్. ఈ ఊరి కోసమే నేను ఉత్తర డెవన్ దాకా వెళ్ళాను. ఎక్స్‌మూర్ కొండల మీద నుంచి రెండు ఏర్లు దిగి వచ్చి కలిసే చోట, సముద్రం అంచున ఉన్న చిన్న ఊరు. 1952 ఆగస్టు 15న ఆ కొండల మీద ఒక్క రోజులో దాదాపు 23 సెంటీమీటర్ల వాన కురిసింది. రాత్రికి నీళ్ళు బండరాళ్ళని దొర్లించుకుంటూ ఊరి మీద పడ్డాయి. 34 మంది చనిపోయారు. అక్కడ ఆ వరద జ్ఞాపకంగా కట్టిన హాలులో వరదకి ముందు ఊరు ఎలా ఉండేదో నమూనా చేసి పెట్టారు. ఏ ఇల్లు ఎక్కడుండేదో అన్నీ అందులో ఉన్నాయి. 1996 నవంబరు తుఫాను రాత్రి మా ఇంటి పెంకులు లేచిపోతుంటే మంచం కింద దూరినవాణ్ణి నేను. తెల్లారి చూస్తే కొబ్బరితోటల్లో నిలబడ్డ చెట్టు లేదు. ఆ నమూనా ముందు నుంచి కదలడానికి నాకు చాలాసేపు మనసొప్పలేదు.

అదే ఊళ్ళో ఇంకో కథ ఉంది. 1899 జనవరి 12 సాయంత్రం 'ఫారెస్ట్ హాల్' అనే ఓడ తుఫానులో చిక్కుకుంది. ఆపదలో ఉన్న ఓడల్ని ఆదుకునే లిన్మత్ లైఫ్‌బోటు 'లూయిసా'ని అలల ధాటికి నీళ్ళలోకి దింపే వీల్లేదు. అందుకని దాన్ని నేల మీద, కొండల మీదుగా, 13 మైళ్ళ అవతల పోర్లాక్ వీర్ రేవుకి లాక్కెళ్ళారు. దాదాపు పది టన్నుల పడవ. గుర్రాలు, తాళ్ళు, ఊరి మగాళ్ళు, ఆడవాళ్ళు. పైన చక్రం ఊడిపోతే బిగించుకున్నారు. దారి ఇరుకైన చోట పడవని బండి మీంచి దింపి చెక్కల మీద లాగారు. గోడ అడ్డమొస్తే పడగొట్టారు. తెల్లవారుజామున రేవు చేరి, తిండీ నిద్రా లేని ఒంటితోనే సముద్రంలోకి వెళ్ళారు. ఓడలో వాళ్ళంతా బతికారు. ఆ లైఫ్‌బోట్లు నడిపే ఆర్.ఎన్.ఎల్.ఐ. అనే సంస్థ 1824లో పుట్టింది. ఇప్పటికీ ఎక్కువగా ప్రజల చందాలతోనే నడుస్తుంది. పడవెక్కేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని ఊరివాళ్ళే.

నేను అదే దారిలో బైకు మీద వెళ్ళాను. కౌంటిస్‌బరీ కొండ ఎక్కేటప్పుడు బానవిల్ రెండో గేరులో రొప్పింది. పోర్లాక్ కొండ దిగేటప్పుడైతే నాకు టెన్షన్ మొదలైంది. నాలుగు అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు కిందికి దిగే వాలు. బ్రేకులు పట్టని బళ్ళ కోసం పక్కన తప్పించుకునే దారులు కూడా కట్టారు. మొదటి గేరులో వేసి, వెనక బ్రేకు మీద కాలుంచి, మలుపు మలుపుకీ ఊపిరి బిగబట్టి దిగాను. పగలు, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో దిగడానికే నా చేతులు వణికాయి. వాళ్ళు జనవరి చలిలో, గాలివానలో, లాంతర్ల వెలుగులో పదిటన్నుల పడవ దింపారు. కిందికి వచ్చాక బండి స్టాండు వేసి ఆ కొండకి ఎదురుగా నిలబడి చేతులు జోడించాను.

తిరుగు ప్రయాణంలో మెండిప్ కొండల మీద ఒక టీ కొట్టు దగ్గర ఆగితే, పక్కన పాత బుల్లెట్ ఒకటి కనిపించింది. మన మద్రాసు తిరువొత్తియూరులో తయారైన బండి కాదది, ఇంగ్లండు రెడ్డిచ్‌లో తయారైన అసలు రాయల్ ఎన్‌ఫీల్డ్. అయినా కుడిపక్క గేరు, ఎడమ పక్క బ్రేకు, అంతా మా నాన్నగారి బండే. డెబ్బై దాటిన పెద్దాయన దాన్ని కిక్ కొట్టీ కొట్టీ అలిసిపోయి ఉన్నాడు. నేను ప్రయత్నించనా అని అడిగాను. సందేహంగానే ఒప్పుకున్నాడు. కిక్ మీద మెల్లగా కాలు వేసి, కంప్రెషన్ తగిలేదాకా నొక్కి, లివర్ పట్టి కొంచెం దాటించి, వదిలేసి, బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాను. డబ్ డబ్ మంటూ అందుకుంది. ఆ పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. గోదావరి కాలవ గట్ల మీద అని చెప్పాను. 1955లో మద్రాసులో కంపెనీ పెట్టారని, ఇంగ్లండులో తయారీ 1970లో ఆగిపోయినా మన దగ్గర ఆగలేదని, 1977 నుంచి మళ్ళీ ఇక్కడికే ఎగుమతి చేశారని మాట్లాడుకున్నాం. ఆయనకి ఆ సంగతులు నాకంటే ఎక్కువే తెలుసు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఆ రాత్రే నాన్నగారికి ఫోన్ చేశాను. అంతా విని, "ఎన్ని తన్నులకి అందుకుందిరా?" అనడిగారు. ఒక్క తన్నుకే అన్నాను. "శభాష్" అన్నారు. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైనప్పుడు కూడా ఆయన నోట ఆ మాట వినలేదు.

మరుసటి వేసవిలో అమ్మానాన్నల్ని ఇంగ్లండు తీసుకొచ్చి, కారులో లిన్మత్ వెళ్ళాం. అక్కడ కొండ మీదికి 1890 నుంచి నడుస్తున్న నీటి రైలుంది. తాడుకి రెండు పెట్టెలు, ఒక్కో పెట్టె కింద నీళ్ళ ట్యాంకు. కింద ఉన్న పెట్టెలోని నీళ్ళు బయటికి వదిలేస్తే పైది బరువై దిగుతుంది, దాంతో కిందది పైకొస్తుంది. ఏటి నీళ్ళే తప్ప కరెంటు లేదు, ఇంజిన్ లేదు. నాన్నగారు ఒకసారి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కారు. అమ్మ చలికి శాలువా కప్పుకుని కాఫీ కావాలంటోంది. ఈయన మాత్రం బ్రేకు పట్టుకునే అతని పక్కన నిలబడి, నీళ్ళు ఎక్కణ్ణుంచి తీస్తారు, తూము ఎంత వెడల్పు, పూడిక ఎవరు తీస్తారు అని ఒక్కొక్కటీ అడుగుతుంటే, నేను ఇంగ్లీషులోకి, మళ్ళీ తెలుగులోకి మార్చి చెబుతూ ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయాను.